సన్నబడితే ఊరికి ఎరుకైతది

ఎవరైనా జాకెట్టు పట్టుకొచ్చి "జర లూజ్ చెయ్యక్కా, చంకల కాడ పట్టేస్తుంది" అంటే చాలు, నాకు ఎక్కడలేని చిరాకు వస్తుంది. వాళ్ల తప్పేం లేదు. జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో నేను కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చున్నదే అందుకు. కానీ మొన్న ఒకామె నాలుగు జాకెట్లు తెచ్చి బల్ల మీద పెడితే ఉండబట్టలేక అనేశాను. "విప్పుత గానీ, బీపీ చూపించుకున్నవా? షుగర్ చూపించుకున్నవా?" ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. "జాకెట్టుకు బీపీకి ఏం సంబంధమక్కా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అని జాకెట్లు చంకలో పెట్టుకుని వేరే టైలర్ దగ్గరికి పోయింది. పోతే పోనీ.

సంబంధం ఎందుకు లేదు? ఉంది. ఆమెకు కూర్చోబెట్టి చెప్పేదాన్నే. కానీ చెప్పాలంటే పెద్దక్క గురించి చెప్పాలి. పెద్దక్క గురించి చెప్పాలంటే నా గురించి చెప్పాలి. ఒక జాకెట్టు కోసం అంత కథ ఎవరు వింటారు?

పెద్దక్కది న్యాల్‌కల్ వైపు ఊరు. ఆమెకూ నాకూ చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, దేవుడు కూడా ఒకడు కాదు. నేను ఆదివారం చర్చికి పోతాను, ఆమె సోమవారం ఒక్కపొద్దు ఉండేది. మమ్మల్ని కలిపింది సర్కారు దవాఖానలో హెచ్‌ఐవి మందులు ఇచ్చే గది. ఆ గది ముందు బల్ల మీద మేం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోం. అన్న, అక్క, చెల్లె, సారు, అంతే. ఆమె పేరు నాకు చాలా ఏండ్లు తెలియనే తెలియదు. మందులిచ్చే సిస్టర్ కూడా ఆమెను పెద్దక్కా అనే పిలిచేది. మనిషి పెద్దది, గొంతు పెద్దది, సంచి ఇంకా పెద్దది.

ఆ బల్ల మీద ఆమె కూర్చోగా నేను చూడలేదు. నిలబడేది, నడిచేది, కిటికీలోకి తొంగి చూసేది. "అయ్యిందా సిస్టరమ్మా? ఇంకెంత సేపు? నా ఆటో పోతది" అనేది. ఆటో ఎప్పుడూ పోలేదు, ఆటోవాడు నిండేదాకా కదిలితే కదా! అయినా ఆమెకు కాలు నిలవదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పోతూ, వస్తూ, మధ్యలో ఎవరి మొహం వాడిపోయి ఉందో కనిపెట్టి అక్కడ ఆగేది. ఆగిందంటే వాళ్ల పని అయిపోయినట్టే.

నేను మొదటిసారి పోయినప్పుడు నా ముందు అట్లాగే ఆగింది. అప్పటికి నా భర్త పోయి కొద్ది నెలలు. నేను ఎంత చిక్కిపోయానంటే, అద్దం చూసుకోవడం మానేశాను. నా జాకెట్లు నేనే లోపలికి కుట్టుకుని కుట్టుకుని, చివరికి మా పాప లంగా మీది జాకెట్టు తొడుక్కుని పోయాను. పెద్దక్క ఏమీ అడగలేదు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. సంచిలోంచి ఒక ఇత్తడి గాజు తీసి, నా చెయ్యి పట్టుకుని తొడిగి పైకి తోసింది. అది మోచెయ్యి దాటి, జబ్బ దాకా సర్రున పోయింది.

"అయ్యో పిల్లా! ఊరంత నిన్నే చూస్తుండొచ్చు గదా?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకంటే నిజంగా చూస్తున్నారు. మా సందులో ఒకామె నా ఎదురుగానే ఇంకొకామె చెవిలో ఏదో చెప్పి, ఇద్దరూ నా చేతులకేసి చూశారు. నా భర్త కూడా అట్లాగే చిక్కి చిక్కి పోయాడు కదా, వాళ్లకు లెక్క కలవడం ఎంత సేపు?

"ఏడ్వకు. ముందుగాల తిను. కండ ఉంటే ఎవ్వడు అడగడు" అని సంచి విప్పింది. జొన్నరొట్టె మీద వెన్న, వెన్న మీద పల్లిపొడి, దాని మీద ఉడికిన గుడ్డు. నేను తినేదాకా నా ముందు నుంచి కదల్లేదు. కదల్లేదంటే కాళ్లు కదుపుతూనే ఉంది, ఎదురుగా నిలబడి.

అది మొదలు ప్రతిసారీ నాకు ఒక పొట్లం వచ్చేది. నాకొక్కదానికే కాదు. ఝరాసంగం నుంచి వచ్చే ఒక ముసలాయనకు నువ్వుల ముద్దలు, కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా ఉంటే వాళ్లకు బెల్లం వేసిన సజ్జ ముద్దలు. తినకపోతే తిట్టేది. తిట్లు కూడా మామూలువి కాదు, కన్నడ కొంత, మరాఠీ కొంత, తెలుగు మిగిలినంత. గాజు మాత్రం అందరికీ ఒకటే. తొడిగి, తోసి, అది ఎక్కడ ఆగిందో చూసి తీర్పు చెప్పేది. "మణికట్టు దాటలే. శభాష్." "మోచెయ్యి ముట్టింది. ఏం తింటున్నవ్ర, గాలా?" బరువు చూసే మిషన్ ఆ గదిలోనే ఉండేది. దాన్ని ఎవరు నమ్మారు? మాకు ఆ గాజే మిషన్.

నా గాజు మోచెయ్యి దిగి, ముంజేతి మధ్యకొచ్చి, ఒకరోజు మణికట్టు మీదే ఆగిపోయింది. ఆ రోజు పెద్దక్క నన్ను కౌగిలించుకుని వరండాలోనే గిరగిరా తిప్పింది. వద్దే తల్లీ, అందరూ చూస్తున్నారంటే వినదు. "చూడనీ! ఇప్పుడు చూడనీ!" అని అరిచింది.

ఆ గదికి రాకముందు తన ఇంట్లో ఏం జరిగిందో ఆమె ఒక్కసారే చెప్పింది, అది కూడా నడుస్తూ. భర్త మంచాన పడ్డప్పుడు ఊళ్లో వాళ్లు చూడ్డానికని వచ్చి, వాకిట్లోనే నిలబడి, లోపలికి మెడ సాచి చూసి పోయేవారట. "మొదలు గడియారం జారింది ఆయన చేతికెల్లి. తర్వాత లుంగి నిలవలే. జనం నోరు తెరిచి అడిగింది లేదు, కండ్లతోటే అంత ఎరుక చేస్కున్నరు. హోటల్ల ఆయనకు చాయ్ పోసిన గ్లాసు పారేసిన్రు. నేను అప్పుడే ఒట్టు వెట్టుకున్న. నేను సన్నబడను. సచ్చినా సన్నబడను." ఆమె కొడుకు అప్పుడు చిన్నవాడు. తండ్రికి కామెర్లని చెప్పి పెంచింది. తన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఒట్టు ఎంత బాగా నిలబెట్టుకుందో నాకంటే ఎవరికి తెలుసు? ఆమె జాకెట్లు కుట్టింది నేనే కదా. ప్రతి పండక్కీ విప్పడమే. కుట్టులో గుడ్డ మిగిలినంత కాలం విప్పాను, ఆ తర్వాత చంక కింద అతుకులు వేశాను. అతుకు వేయించుకున్న రోజు ఆమెకు పండగ. "చూడు, అతుకు వడ్డది!" అని మురిసిపోయేది. మామూలు ఆడవాళ్లు లావైతే దాచుకుంటారు. ఈమె పైట కొంచెం పక్కకు జరిపి చూపించేది. బజారులో ఎదురుపడితే మాత్రం నేనెవరో తెలియనట్టే పోయేది. అది మా అందరి ఒప్పందం. కానీ ఊరికే పోయే మనిషా? కూరగాయల దగ్గర ఎవరో పరాయిదానిలా పక్కకొచ్చి, నా చెయ్యి లావు కంటితోనే చూసుకుని, నా సంచిలో ఒక జామకాయ పడేసి పోయేది.

ఇదంతా చెప్తుంటే ఆమె తెలివితక్కువదని అనుకుంటారేమో. నాకు కోపం వస్తుంది అట్లా అనుకుంటే. మందులు ఒక్కరోజు తప్పలేదు. రక్తపరీక్షలో హెచ్‌ఐవి పురుగు దొరకలేదని ఏటేటా కాగితం వచ్చేది. ఆమె చేతి రొట్టె తినకపోతే నేను ఈ మిషన్ ముందు ఉండేదాన్నే కాదు. ఆమె లెక్క ఒక కాలానికి సరైన లెక్కే. ఆ తర్వాత కాలం మారింది, లెక్క మారలేదు.

మారిందని మాకు తెలిసింది కొత్త డాక్టరమ్మ వచ్చాక. నలభై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు చూస్తామని, గుండెకు ఈసీజీ తీస్తామని కౌన్సిలర్ సారు చెప్పాడు. ముందుగా నడుము కొలత. సారు దగ్గర టేపు ఉంది గానీ పట్టుకోవడం రాదు, సిస్టర్ వేరే పనిలో ఉంది. టైలర్ని కదా, నేనే అందుకున్నాను. ఆడవాళ్ల నడుములన్నీ నేనే కొలిచి చెప్తుంటే సారు రాసుకున్నాడు.

పెద్దక్క వంతు వచ్చింది. టేపు ఆమె చుట్టూ తిరిగి రావడానికి నేను చెయ్యి మార్చుకోవాల్సి వచ్చింది. అంకె చెప్పాను. ఆమె మొహం చూడాలి అప్పుడు! పదో తరగతిలో ఫస్టు వచ్చినట్టు వెలిగిపోయింది.

"సారూ, రాసుకున్నవా? మంచిగ రాసుకో! ఏయ్ చెల్లే, నీదెంత వచ్చె? గంతేనా? అందరికన్న నాదే ఎక్కువ!" అని బల్ల మీదున్న వాళ్లందరికీ వినిపించింది. ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఒకామె పోటీగా మళ్లీ కొలవమంది, ఊపిరి బిగబట్టి కడుపు ముందుకు తోసి మరీ. నేను కూడా నవ్వాను. ఆ వరండాలో అందరం నవ్వాం. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. లావు నెగ్గినట్టు, సన్నం ఓడినట్టు. మాకు అంతకు మించి ఏం తెలుసు?

లోపల డాక్టరమ్మ నవ్వలేదు. పెద్దక్క తనతో నన్ను కూడా లాక్కుపోయింది, సంబరం పంచుకోవడానికి. డాక్టరమ్మ కాగితం చూసి, బీపీ రెండోసారి చూసి, మెల్లగా చెప్పింది. బీపీ ఎక్కువ, షుగర్ ఎక్కువ, కొవ్వు ఎక్కువ. "బరువు తగ్గాలమ్మా. వెన్న, నెయ్యి బంద్ చేయాలి. రోజూ నడవాలి."

పెద్దక్క కుర్చీలోంచి లేచింది. "తగ్గమంటున్నవా? నన్ను తగ్గమంటున్నవా బిడ్డా? సంపుకుంటవా ఏంది నన్ను?"

"చంపడం కాదమ్మా, బతకమనే చెప్తున్నా."

"పురుగు లేదని నువ్వే అంటివి గదా! కాయితం మీద రాసిస్తివి. మల్ల గిదేం కొత్త లొల్లి?"

డాక్టరమ్మకు ఓపిక ఎక్కువ. కూర్చోబెట్టి, నాకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. మందులతో పురుగు అణిగి ఉంటుంది, నిజమే. కానీ ఇన్నేళ్లుగా దానితో కొట్లాడి కొట్లాడి ఒంట్లో సన్నటి సెగ ఒకటి మిగిలిపోతుంది. ఆ సెగకు రక్తనాళాల లోపలి పొర పాడవుతుంది. దాని మీద బీపీ, షుగర్, కొవ్వు కూడా తోడైతే గుండెకు దెబ్బ తొందరగా తగులుతుంది, మిగతా వాళ్లకంటే ముందే. "నొప్పి వచ్చాక చూసే బదులు రాకముందే చూసుకుంటే చాలావరకు ఆపొచ్చు. అందుకే ఈ పరీక్షలు" అంది. నాకు కూడా బీపీ ఉందని, కొవ్వు హద్దు మీద ఉందని ఆ రోజే తేలింది. ఏం తినాలో, ఏం మానాలో నేను మళ్లీ అడిగి తెలుసుకున్నాను. పెద్దక్క మాత్రం తలుపు వైపే చూస్తోంది.

ఈసీజీకి ఎట్లాగో పడుకోబెట్టాం. కదలొద్దమ్మా అంటే, చేతులకు కాళ్లకు వైర్లు తగిలించుకుని కప్పు కేసి చూస్తూ పడుకుంది. ఆమె కదలకుండా ఉండగా నేను చూసింది అదొక్కసారే. నాకు భయం వేసింది, ఎందుకో తెలియదు. లేవగానే మళ్లీ మామూలే. "అయ్యిందా? నా ఆటో పోతది."

డాక్టరమ్మ ఈసీజీ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి మళ్లీ చూసింది. తర్వాత మాత్రలు రాసిచ్చింది. "ఇందులో తేడా కనబడుతుంది. ఇక్కడ తేల్చలేం. హైదరాబాద్‌లో గుండె డాక్టర్‌కు చూపించాలి. ఆలస్యం చేయొద్దు. ఇంట్లోంచి ఒకరిని వెంట తీసుకుపోండి, కొడుకునో కోడలినో. అక్కడ అవసరమైతే చేర్చుకుంటారు."

పెద్దక్క బయటికొచ్చి సంచి సర్దుకుంది. "మా చేన్ల అల్లం తవ్వుడు అయినంక చూస్త" అని గబగబా మెట్లు దిగింది. దిగింది గానీ కింద కొంచెంసేపు రెయిలింగు పట్టుకుని నిలబడింది. నేను పైనుంచి చూశాను.

మా ఇంట్లో మా పాపకు నా సంగతి తెలుసు. అందుకే నా పని తేలికైంది. నూనె డబ్బా దాచిపెట్టింది, పొద్దున్నే లేపి చిరాగ్‌పల్లి వైపు హైవే మీద నడకకు తరిమింది. లారీల హారన్లు చెవుల్లో మోగుతుంటే నడిచాను. చలికాలం వచ్చేసరికి బీపీ అదుపులోకి వచ్చింది. ఒళ్లు కొంచెం తగ్గింది.

ఆ తగ్గడం చూసి పెద్దక్క రభస చేసింది. వరండాలో నన్ను చూడగానే గాజు తీసి తొడిగింది. అది మణికట్టు దాటి జర్రున జారింది. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"గోలీలు బంద్ వెట్టినవా?"

"పెట్టలే పెద్దక్కా. నడుస్తున్న. నూనె తగ్గించిన. డాక్టరమ్మ చెప్పింది కదా."

"డాక్టరమ్మ నీ గల్లీల ఉంటదా? నీ గల్లీల ఉండేటోళ్లు ఏమనుకుంటరు? నా ఇంటాయనకు గిట్లనే షురువైంది. గిట్లనే!" అని పొట్లం నా ఒళ్లో విసిరింది. "తిను. నా ముందట తిను."

"తినను" అన్నాను. మొదటిసారి అన్నాను ఆమెతో ఆ మాట. వరండా అంతా మమ్మల్నే చూస్తోంది. ఆమె కండ్లనిండా నీళ్లు. నాకు ఒక పక్క జాలి, ఇంకో పక్క పీక పిసికెయ్యాలన్నంత కోపం. చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయాను, దవాఖాన వెనక మోటారు గది పక్కకు.

"పెద్దక్కా, నన్ను బతికించింది నువ్వు. మా అమ్మ కూడా చేయని పని చేసినవ్. నువ్వు పోతే నేను తట్టుకోను. హైదరాబాద్ పోదాం. నేను వస్త. చెల్లెనని చెప్త. కోడలికి గుండె నొప్పని ఒక్క మాట చెప్పు, చాలు."

ఆమె గోడకు ఆనుకుంది. నడిచి నడిచి ఆయాసపడుతోంది. దవడ కూడా గుంజుతోందని, గ్యాసని చెప్పింది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాట:

"గుండె అని చెప్త. ఎక్కడ చూపించుకున్నవత్తా అంటది. జహీరాబాద్ దవాఖానల అని నేనంట. ఎందుకు పోయినవ్, ఏ డాక్టర్ అంటది. చదువుకున్న పిల్ల, కాయితం అడుగుతది. కాయితం మీద ఆ గది ముద్ర ఉంటది. ఇగ హైదరాబాద్‌ల రక్తం తీస్తరు. ఆ డాక్టర్ నా కోడలి ముందటనే అడుగుతడు, ఏమేం మందులు వాడుతున్నవమ్మా అని. అప్పుడేం చెప్పాలె?"

"నిజం చెప్పు."

"చెప్త. చెప్పినంక?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నా మనుమడు నా కంచంలనే తింటడు. నేను కలిపి పెడితేనే తింటడు. రేపటి సంది తిననిస్తదా? నీకేమే, నీ బిడ్డ నీ కడుపుల వుట్టింది. ఆమె పరాయింటి పిల్ల. కంచం వేరె వెట్టినదనుకో, నేను అప్పుడే సచ్చినట్టు."

కంచంలో తింటే ఈ జబ్బు రాదని కోడలికి చెప్పేవాళ్లు ఉంటారని, కౌన్సిలర్ సారు స్వయంగా మాట్లాడతాడని బతిమాలాను. ఆమెకు తెలియక కాదు. మాకందరికీ తెలుసు ఆ సంగతి. తెలిసీ మా గ్లాసు మేం వేరేగా పెట్టుకుని తాగిన రోజులున్నాయి. అంత సేపు వాదించాక, నేను ఏడ్చాక, ఆమె ఒక మాటకు వచ్చింది. అల్లం అమ్మగానే, కోడలికి మోకాలి నొప్పులని చెప్పి వస్తుంది. నేను బస్టాండులో ఉండాలి. ఇద్దరం పోవాలి. "ఆ దవాఖాన కాయితంల నువ్వే నా ఇంటి మనిషివి అని రాయి" అంది. ఫోన్ చెయ్యొద్దని గట్టిగా చెప్పింది. ఫోన్ ఎప్పుడూ మనుమడి చేతిలోనే ఉంటుందట.

అనుకున్న రోజు నేను దుకాణం మూసి, బస్టాండులో కూర్చున్నాను. కూర్చున్నానా? లేదు, ఆమెలాగే తిరిగాను. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ప్రతి ఆటోలోకి తొంగి చూశాను. మధ్యాహ్నమైంది. సంగారెడ్డి బస్సులు పోయాయి, హైదరాబాద్ బస్సులు పోయాయి. నన్ను మోసం చేసిందని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత మందుల రోజున కూడా రాలేదు. అప్పుడు కౌన్సిలర్ సారు వాళ్లింటికి ఫోన్ చేసి, పెట్టేసి, నన్ను లోపలికి పిలిచాడు.

నేను కుట్టి ఉంచిన ఆమె జాకెట్టు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆ వంకతో ఊరికి పోయాను. అప్పటికే పెద్దక్క దినాలన్నీ అయిపోయాయి. వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. టైలర్నని చెప్పి, జాకెట్టు చూపించి, నేను కూడా కూర్చున్నాను. వాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు. అల్లం తవ్వే కాడ ఛాతీల మంట అన్నదట. చేను గెట్టు మీద కూర్చుందట. సోడా తాగిందట. కాస్త వాలుతానని వాలిందట.

"ఒక రోగం లేదు, నొప్పి లేదు. వడ్ల గుమ్మి లెక్క ఉండె మనిషి" అంది ఒకామె.

"గసొంటి మనిషి పోతదని ఎవలనుకున్నరు?" అంది ఇంకొకామె.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గెలిచింది కదా మా పెద్దక్క! ఊరు కండ్లన్నీ పెట్టుకుని చూసినా కనిపెట్టలేకపోయింది. ఈ గెలుపును ఏం చేసుకోను? అక్కడ ఉండలేక లేచాను. కోడలు నన్ను సాగనంపుతున్నట్టు లేచి, ఇంటి వెనక గడ్డివాము పక్కకు తీసుకుపోయింది. సన్నటి పిల్ల, కండ్లు ఎర్రగా ఉన్నాయి. కొంగు చాటు నుంచి ఒక పసుపు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే పైన దూది, దూది కింద మా మాత్రలు. దూది ఎందుకంటే డబ్బా కదిలినప్పుడు చప్పుడు కావద్దని. మా అందరి ఇళ్లలో అట్లాగే ఉంటాయి.

"పారెయ్య బుద్ధి కాలేదక్కా. ఎవలకన్న పనికొస్తయేమో ఆ దవాఖానల ఇయ్యి" అంది.

నేను గబుక్కున మూత పెట్టేశాను.

"నువ్వు కూడ అక్కడి మనిషివేనని సమజైంది. జాకెట్టు ఇయ్యనీకి వచ్చి ఎవలు గట్ల ఏడుస్తరు?" అంది. "నాకు పెండ్లయిన కొత్తలనే ఎరుక. ఇల్లు ఊడుస్తుంటే డబ్బ దొరికింది. పుస్తకంల చదివిన, ఫోన్ల చూసిన, గీ మందులు ఎందుకో ఎరుకైంది. మొదట్ల భయమయ్యింది, అబద్ధమెందుకు. తర్వాత ఊళ్లె ఒక ఆశ వర్కరమ్మను అడిగిన, వేరేవాళ్ల సంగతన్నట్టు. కంచంల తింటే ఏంగాదన్నది. అందుకే నా కొడుకును ఆమె కంచంల తిననిచ్చిన. రోజూ అన్నాలు తిన్నంక చెంబుల నీళ్లు పెట్టి, నేను బర్రె కాడికి పోయేదాన్ని. గోలి ఏస్కుంటదని. తనంత తానే చెప్తదని చూసిన. ఇంటాయనకు కూడ చెప్పలే."

నేను ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియకుండా అనేశాను. "హైదరాబాద్ పోదామనుకున్నం ఇద్దరం. గుండె డాక్టర్ దగ్గరికి. నీకు మోకాళ్లని చెప్తనన్నది. నేను బస్టాండుల చూసిన."

ఆ పిల్ల మొహం మారిపోయింది.

"గుండెనా? గుండె డాక్టరా? ముందే ఎరుకనా ఆమెకు?"

తల ఊపాను. కాగితం సంగతి, డాక్టరమ్మ మాట, ఇంటి మనిషిని తీసుకుపొమ్మన్న సంగతి చెప్పాను. ఆమె వింటూ వింటూ గడ్డివాముకు చెయ్యి ఆనించి నిలబడింది.

"నేను వాము గింజలు నమిలించిన అక్కా. సోడా తెప్పించి తాపిన. గ్యాసన్నది, గ్యాసే అనుకున్న. ఛాతి మీద నూనె రాసిన ఈ చేతులతోటి." నా భుజం పట్టుకుని ఊపింది. "ఆ బీమారి నాకు ఎరుకనే గదా! గుండెది ఒక్కటి చెప్తే ఏం పోయె? బండి మాట్లాడుకొని నేనే తోల్కపోదును గదా. ఎందుకు చెప్పలే? అంత దోస్తువు గదా, నీకన్న చెప్పి ఉంటది. ఎందుకు చెప్పలేదక్కా నాకు?"

జవాబు నాకు తెలుసు. ఆ జబ్బు నీకు తెలుస్తుందనే ఈ గుండె సంగతి దాచుకుంది తల్లీ, అనాలి. ఏ నోటితో అనేది? వాకిట్లోంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె కదలకుండా నా మొహంలోకే చూస్తూ నిలబడింది.